వాయిదాల వాయిద్యం

చిక్కడపల్లి సందులో, అపార్ట్‌మెంటు మెట్ల కింద
అరగది కొట్టు. దర్జీ రాపోలు మార్కండెయ్య.
మెడలో టేపు. ఆ టేపులో పాటలుండవు గాని
నా నడుం కొలత మాత్రం
ఏటేటా పై స్థాయి అందుకుంటుంది.

ఉగాదికి ఇచ్చిన జాకెట్టు గుడ్డ
శ్రావణం వచ్చినా రాలేదు.
"రేపు రా అక్కా" మంద్రంలో.
"ఎల్లుండి పక్కా" మధ్యస్థాయిలో.
గట్టిగా అడిగితే మాటుండదు,
మిషనే తారస్థాయిలో తొక్కుతాడు.

నిన్న ఓపిక చచ్చి తెర తీశాను.
సంగతి బట్టబయలైంది.

మూలకి ఆనుకుని ఒక వీణ, ముతక ఖద్దరుది,
బుర్ర నిండా దూది.
(అలాంటి బుర్రలు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి, మోగుతాయి కూడా.)
మృదంగం ముట్టుకుంటే నిజంగానే మృదు అంగం.
తట్టితే తకధిమి అనదు,
"దిండు, దిండు" అని గొణిగి పక్కకి ఒత్తిగిల్లుతుంది.
"సన్నాయి గద, సన్ననూలే పెట్టిన" అన్నాడు.
ఊదితే ఊదినవాడి ముక్కు తుడిచేంత మెత్తన.
పిల్లనగ్రోవికి ఏడు కాజాలు, ఏడు గుండీలు.
"సా గావాలంటే పై గుండీ ఇప్పాలె అక్కా.
అన్నీ ఒక్కపారి ఇప్పితే మర్యాద గాదు."
కాజా అనే మాట చెవిన పడి
నా వెంట వచ్చిన మనవడు ఒకటి కొరికి చూశాడు.

"ఏమిటయ్యా ఈ వేషం?"

మార్కండెయ్య సూది నోట్లోంచి తీశాడు.
కూతురు మంజీర డోలు నేర్చుకుంటోంది.
పై అంతస్తు సెక్రటరీ సుదర్శనాచారి గారు
నోటీసు పంపారు: శ్రుతి మించుతున్నది.
"మించింది కత్తిరించుడే గద మా పని.
గుడ్డల కుట్టిన. ఇగ తాళం తప్పినా ఎవనికి తెల్వది."

ఆచారి గారు తనిఖీకి వచ్చారట.
వీణకి చెవి ఆనించారట, వినబడుతుందేమోనని.
గంటన్నర తర్వాత లేపాల్సి వచ్చిందట.

"అంతా బాగుంది. నా గుడ్డ?"

చూపించాడు. చిలకాకుపచ్చ, గుండ్రంగా, నా జాకెట్టు!
"గంజి రా అని నా భార్యనడిగిన,
గంజి దెచ్చింది, గంజిరా అయింది.
అంచుకి సరిగ గూడ వేసిన.
సరిగ ఉన్నదంటే మిగతా మ ప ద ని అవే వస్తయి."
తిట్టబోయి నవ్వాను. అది నా తప్పే.

సాయంత్రం డాబా మీద కచేరీ.
పల్లవికి పల్లూ, చరణాలకు ఫాలూ,
పట్టు వదలని మంజీర పట్టు లంగాలో.
అరగంట వాయించింది, చెమటలు కక్కింది.
మాకు వినిపించింది క్రాస్‌రోడ్స్ హారన్ల హార్మోనియం,
ఎవరింట్లోనో కుక్కరు మూడో విజిలు,
ఇంకా, ఎన్నాళ్ళకో,
ఆ పిల్ల పెదవుల మీద సన్నగా కదులుతున్న లెక్క,
ఒకటీ రెండూ మూడూ, తప్పి, మళ్ళీ ఒకటి.

అంతలో వాన. దూది తాగినన్ని నీళ్ళు మూసీ కూడా తాగదు.
అన్నిటినీ పిండి, దండెం మీద ఆరేశాం.
అప్పుడే అవి తీగ వాయిద్యాలయ్యాయి.
గాలి లేచింది, గాలి వాయిద్యాలూ అయ్యాయి.
గంజి బిగిసిన నా గుడ్డ ఒక్కటే
టప్, టప్, ట… టప్.

కింది కిటికీలోంచి ఆచారి గారు:
"ఎవరమ్మా అది? రెండో దెబ్బ ఆలస్యంగా పడుతున్నది!"

మంజీర పరుగున వెళ్ళి క్లిప్పు సరిచేసింది.

"మరి నా జాకెట్టు, మార్కండెయ్యా?"
తడిసిన టేపు మెడలో సర్దుకుని,
ఈసారి చక్కటి శ్రుతిలో,
"రేపు" అన్నాడు.